తాతయ్య కాలివేలు నల్లబడింది: గ్యాంగ్రీన్ గురించి పిల్లలకు ఎలా చెప్పాలి

షుగర్ ఉన్న పెద్దాయన కాలికి చిన్న పుండు పడుతుంది. నెల తిరిగేసరికి వేలు నల్లబడుతుంది. పెద్దవాళ్లు వంటింట్లో చేరి గొంతు తగ్గించి మాట్లాడుకుంటారు. "కుళ్ళిపోయిందంట", "మోకాలి కింద దాకా తీసేయాలంట" అన్న మాటలు పక్కగదిలో హోంవర్క్ చేసుకుంటున్న పిల్లల చెవిన ముక్కలుగా పడతాయి. ఆ ముక్కలన్నీ కలిపి పిల్లలు వాళ్లంతట వాళ్లే ఒక కథ అల్లుకుంటారు. అది అసలు సంగతి కంటే భయంకరంగా ఉంటుంది. కాబట్టి చెప్పాలా వద్దా అని తర్జనభర్జన పడొద్దు, చెప్పాలి. ఆపరేషన్ అనుకున్న రోజే ఎనిమిదేళ్లు దాటిన పిల్లలకు చెప్పేయండి. నాలుగైదేళ్ల పిల్లలకు ఒకటి రెండు రోజుల ముందు చెబితే చాలు. "వచ్చే వారం" అంటే వాళ్లకు లెక్క తెలియదు, అన్ని రోజులూ బెంగపడుతూ కూర్చుంటారు.

చెప్పేవాళ్లకు ముందు విషయం స్పష్టంగా తెలియాలి. ఒంట్లో ఏదైనా భాగానికి రక్తం అందకపోవడం వల్లో, సూక్ష్మజీవులు చొరబడి పాడుచేయడం వల్లో, రెండూ కలిసో అక్కడి చర్మం, కండ చచ్చిపోతే అది గ్యాంగ్రీన్. షుగర్ మనిషిలో మూడు పనులు ఒకేసారి జరుగుతాయి. ఏళ్ల తరబడి షుగర్ ఎక్కువగా ఉంటే పాదాల్లోని నరాలు దెబ్బతిని నొప్పి తెలియదు. ముల్లు గుచ్చుకున్నా, చెప్పు కరిచినా, కాలినా ఆయనకే తెలియదు. కాలికి రక్తం తెచ్చే గొట్టాలు గట్టిపడి, ఇరుకైపోయి, పుండు మానడానికి కావలసినంత రక్తం అందదు. చివరికి ఆ మానని పుండులో సూక్ష్మజీవులు కాపురం పెడతాయి. బీడీ, సిగరెట్ తోడైతే రక్తనాళాలు ఇంకా త్వరగా పూడుకుపోతాయి. షుగర్ లేకపోయినా, ఒక్క పొగాకు వల్లే చేతి వేళ్లు, కాలి వేళ్లు పోగొట్టుకునేవాళ్లు ఉన్నారు.

అన్ని గ్యాంగ్రీన్లూ ఒకటి కాదు. ఆ తేడా చెప్పడానికి తెలుగులో చక్కటి మాటలే ఉన్నాయి: ఎండిపోవడం, కుళ్ళిపోవడం. రక్తం మెల్లమెల్లగా తగ్గిపోతే వేలు నల్లబడి, చల్లబడి, ముడుచుకుపోయి ఎండుతుంది. వాసన పెద్దగా ఉండదు. చచ్చిన భాగానికీ బతికున్న భాగానికీ మధ్య ఒక గీత ఏర్పడుతుంది. అది తేలేదాకా డాక్టర్లు కొన్నిసార్లు కావాలనే ఆగుతారు. రెండోది కుళ్ళే రకం. వాపు, బొబ్బలు, చీము, దుర్వాసన, జ్వరం ఉంటాయి. దీనికి ఆగడానికి లేదు, విషం రక్తంలో కలిస్తే ప్రాణానికే ముప్పు. మూడోది గ్యాస్ గ్యాంగ్రీన్. ఇది ఎక్కువగా రోడ్డు ప్రమాదాల్లో, మట్టి లోపలికి దిగిన లోతు గాయాల్లో వస్తుంది. మీ ఇంట్లో జరుగుతున్నది ఏ రకమో డాక్టర్ని అడిగి తెలుసుకొని అదొక్కటే పిల్లలకు చెప్పండి. మూడూ కలిపి చెబితే గందరగోళం తప్ప ఏమీ మిగలదు.

మొదటి మాటలు

తొలిసారి చెప్పేటప్పుడు నాలుగు వాక్యాలు చాలు. మరో పని పెట్టుకోకుండా, ఫోన్ పక్కన పెట్టి, పిల్లల ఎత్తుకు దిగి కూర్చొని చెప్పండి.

"కన్నా, తాతయ్య కాలివేలికి రక్తం అందడం లేదు. రక్తం అందక ఆ వేలు చచ్చిపోయింది. చచ్చిపోయింది వేలే, తాతయ్య కాదు. పాడైంది పక్కకి పాకకుండా డాక్టర్లు ఆ భాగాన్ని తీసేస్తారు."

"చచ్చిపోయింది" అన్న మాట చాలామందికి మింగుడుపడదు. "పోయింది", "అయిపోయింది", "బాలేదు" అని తిప్పి చెబుతారు. కానీ జలుబు చేసినా "తాతయ్యకి ఒంట్లో బాలేదు" అనే కదా అంటాం! అప్పుడు పిల్ల తనకు జలుబు చేసినప్పుడు కూడా కాలు తీసేస్తారనుకుంటుంది. ఈ జబ్బు పేరు పలకడం నేర్పండి. గ్యాంగ్రీన్. పేరున్న జబ్బు అయితే అది వేరే జబ్బు, తన జలుబు కాదని పిల్లలకు అర్థమవుతుంది.

"కోసేస్తారు" అనొద్దు, "తీసేస్తారు" అనండి. కోయడం అనగానే కూరగాయల కత్తి కళ్ల ముందు నిలబడుతుంది. "నిద్రపుచ్చి తీసేస్తారు" అని కూడా అనొద్దు. ఆ రాత్రి నుంచి పిల్లలు పడుకోనని మొండికేస్తే కారణం ఆ మాటే కావచ్చు. "మత్తుమందు అని ఒకటి ఇస్తారు. అది ఇచ్చాక నొప్పి అసలు తెలియదు. అది ఆసుపత్రిలోనే ఇస్తారు, మనం రోజూ పడుకునే నిద్ర కాదు" అని చెప్పండి. "నువ్వు చాక్లెట్లు మానకపోతే నీకూ ఇంతే" అన్న మాట అసలు నోటి దాకా రానివ్వొద్దు. ఆ బెదిరింపుతో పళ్లు పుచ్చకుండా ఆగుతాయేమో తెలియదు గానీ, పిల్ల మనసులో భయం మాత్రం పాతుకుపోతుంది.

చూపించి చెప్పడం

రక్తం అందడమంటే ఏమిటో పిల్లల వేలి మీదే చూపించొచ్చు. చేతిని గుండె ఎత్తులో పెట్టి బొటనవేలి గోరును 5 సెకన్లు గట్టిగా నొక్కమనండి. గోరు కింద తెల్లబడుతుంది. వదిలేసి "ఒకటి, రెండు" అని లెక్కపెట్టమనండి. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు రెండు సెకన్లలోపే గులాబీ రంగు తిరిగొస్తుంది. "అదిగో, రక్తం వచ్చేసింది చూశావా! తాతయ్య వేలికి అలా రావడం లేదు." ఏసీ గదిలో చేతులు చల్లబడి ఉంటే రంగు రావడం ఆలస్యమవుతుంది, పిల్ల కంగారుపడుతుంది. ముందు అరచేతులు రుద్దించండి. గోరింటాకు, నెయిల్ పాలిష్ ఉన్న గోళ్ల మీద ఇది కనబడదు. తాతయ్య పాదం మీద మాత్రం ఈ ఆట ఆడనివ్వకండి.

వేలికి దారమో రబ్బరు బ్యాండో కట్టి నీలం రంగు చూపించాలని కొందరికి తోస్తుంది. వద్దు. చూసినదాన్ని పిల్లలు మనం లేనప్పుడు తమ్ముడి వేలి మీద చేసి చూస్తారు. గట్టిగా బిగిసిన దారం, చుట్టుకుపోయిన వెంట్రుక కూడా చంటిపిల్లల వేలికి నిజంగానే రక్తం ఆపేస్తాయి.

ఎందుకు కాలివేలే ముందు పోతుందని తెలివైన పిల్లలు అడుగుతారు. పల్లెల్లో పెరిగేవాళ్లకు కాలువ చివరి మడి చూపిస్తే చాలు. కాలువలో పూడిక పేరుకుంటే తల దగ్గర పొలాలకు నీళ్లు అందుతూనే ఉంటాయి, చివరి మడి ముందు ఎండుతుంది. గుండె నుంచి చూస్తే కాలివేళ్లు చివరి మడి. మామిడితోటలో డ్రిప్ పైపు చూసిన పిల్లలకు ఇంకా తేలిక. ఉప్పు పేరుకుని పైపు ఇరుకైతే ముందు వాడిపోయేది చివరి చెట్టే. రక్తనాళాల్లో కొవ్వు పేరుకోవడమూ అలాంటిదే.

ఎండడానికీ కుళ్ళడానికీ తేడా చూపాలంటే రెండు జామాకులు కోయండి. ఒకటి ఎండలో పెట్టండి. రెండోది తడిపి పాలిథిన్ కవర్లో మూట కట్టి నీడలో ఉంచండి. నాలుగైదు రోజుల తర్వాత మొదటిది ఎండి పెళుసుగా ఉంటుంది, కుళ్ళు వాసన రాదు. రెండోది మెత్తబడి వాసన కొడుతుంది. రెండోదానిలో సూక్ష్మజీవులు పనిచేశాయని చెప్పండి. కవరు పెద్దవాళ్లే విప్పాలి. పండ్లు, కూరగాయలతో ఈ పోలిక చేయకండి. ఒక్కసారి తాతయ్య వేలిని ఎండుద్రాక్షతో పోల్చారంటే ఇక ఆ పిల్ల పాయసంలో ద్రాక్ష ముట్టదు.

ప్రతి పోలికకూ ఒక హద్దు ఉంటుంది, అది మీరే చెప్పాలి. "ఎండుకొమ్మ కొట్టేస్తే చెట్టు బాగుపడుతుంది కదా, అలాగే" అని చాలామంది అంటారు. పోలిక మంచిదే. కానీ కొట్టిన చోట చెట్టు మళ్లీ చిగురిస్తుందని పిల్లలకు తెలుసు. ఆ ఒక్క పోలిక నమ్మి, కాలు మళ్లీ మొలుస్తుందని నెలల తరబడి ఎదురుచూసే పిల్లలుంటారు. "చెట్టుకి చిగురొస్తుంది, మనిషి కాలు మళ్లీ రాదు. ఉన్న కాలుతో, కర్రతో, కృత్రిమ కాలుతో తాతయ్య నడవడం నేర్చుకుంటాడు" అని అక్కడే చెప్పేయండి.

పది పన్నెండేళ్లు దాటినవాళ్లకు పోలికలు తగ్గించి లెక్కలు చెప్పండి. గ్యాస్ గ్యాంగ్రీన్ తెచ్చే క్లాస్ట్రిడియం బ్యాక్టీరియా మట్టిలోనే ఉంటుంది, గాలి తగలని చోట పెరుగుతుంది. అనుకూలమైన చోట దాదాపు పది నిమిషాలకోసారి రెట్టింపవుతుంది. ఒకటి గంటలో 64, రెండు గంటల్లో 4096. ఈ లెక్క వాళ్ల చేతే వేయించండి. మట్టి పడిన లోతు గాయాన్ని వెంటనే కడిగి ఎందుకు ఆసుపత్రికి పరుగెత్తాలో వేరే చెప్పనక్కర్లేదు. మేకు గుచ్చుకుంటే వేసే టీటీ ఇంజెక్షన్ ధనుర్వాతానికి, గ్యాస్ గ్యాంగ్రీన్‌కు కాదు. టీటీ వేయించాం కదా అని గాయం శుభ్రం చేయడం మానకూడదు.

పిల్లలు అడిగేవి, అడగకుండా దాచుకునేవి

"నా వల్లే వచ్చిందా?" ఈ ప్రశ్న పైకి రాదు. తాతయ్యకు అమ్మ చూడకుండా లడ్డూ పెట్టిన పిల్ల, ఆడుకుంటూ ఆయన కాలు తొక్కిన పిల్లాడు లోలోపలే నలిగిపోతుంటారు. అడిగేదాకా ఆగకండి. "నువ్వు పెట్టిన లడ్డూ వల్ల ఇది రాలేదు. నువ్వు కాలు తొక్కడం వల్ల రాలేదు. నువ్వు పుట్టకముందు నుంచీ ఏళ్ల తరబడి కాలి గొట్టాలు మెల్లగా పూడుకుపోతూ వచ్చాయి." ఈ మాట ఒక్కసారితో సరిపోదు. వారం తర్వాత మళ్లీ చెప్పండి. ఇంటికొచ్చే చుట్టాలు "ఏ పాపం చేశాడో" అంటే పిల్లల ముందే "అది పాపం కాదు, రక్తం అందకపోవడం" అని సరిదిద్దండి.

"నాకు అంటుకుంటుందా?" అంటుకోదు. తాతయ్య చెయ్యి పట్టుకోవచ్చు, పక్కన కూర్చోవచ్చు, ఒకే కంచం దగ్గర కథలు చెప్పించుకోవచ్చు. కానీ పుండు ముట్టుకోవద్దంటాం, వెళ్లే ముందూ వచ్చాకా చేతులు కడుక్కోమంటాం. పిల్లలకు ఇది తిరకాసుగా కనిపిస్తుంది. విడదీసి చెప్పండి: "గ్యాంగ్రీన్ అంటుకోదు. కానీ పుండులో సూక్ష్మజీవులుంటాయి. మన చేతి మురికి తాతయ్య పుండులోకి పోకూడదు, ఆ పుండులోవి మన నోట్లోకి రాకూడదు." సబ్బుతో 20 సెకన్లు. నచ్చిన పాట పల్లవి రెండుసార్లు పాడితే దాదాపు సరిపోతుంది.

"వేలొక్కటే నల్లగా ఉంది కదా, కాలెందుకు తీశారు?" పెద్దవాళ్లను కూడా తొలిచే ప్రశ్న ఇదే. తీసిన చోట కుట్లు మానాలంటే అక్కడికి మంచి రక్తం రావాలి. పైకి వేలే నల్లగా కనబడినా, పాదంలో రక్తం సరిపడా లేకపోతే అక్కడ పెట్టిన కోత మానదు, మళ్లీ మళ్లీ ఆపరేషన్ చేయాల్సి వస్తుంది. అందుకే రక్తం బాగా ఉన్న చోటు చూసుకుంటారు. మోకాలు మిగిలితే కృత్రిమ కాలుతో నడవడం చాలా తేలిక, కాబట్టి వీలైనంతవరకు దాన్ని కాపాడతారు.

"తీసేసిన కాలు ఎక్కడుంది?" ఈ ప్రశ్న రాగానే చాలామంది కసురుకుంటారు. దాచాల్సిందేమీ లేదు. ఆసుపత్రిలో దాన్ని పసుపు సంచిలో వేసి, నిబంధనల ప్రకారం కాల్చేస్తారు లేదా లోతుగా పూడ్చేస్తారు. "దానికి ఇక నొప్పి తెలియదు" అని ఒక మాట కలపండి. పిల్లలు నిజంగా అడుగుతున్నది అదే.

"తాతయ్య చచ్చిపోతాడా?" చావడని ఒట్టు పెట్టకండి. "చచ్చిపోకుండా ఉండటానికే ఈ ఆపరేషన్. డాక్టర్లు చేయగలిగిందంతా చేస్తున్నారు. ఏం జరిగినా నీకు నేనే చెబుతాను" అనండి. ఆ మాట మీద నిలబడాలి. పిల్లలకు వేరేవాళ్ల నోట తెలిస్తే తర్వాత మీరు చెప్పేది నమ్మరు.

గదిలో వాసన వస్తోందని పిల్ల ముక్కు మూసుకుంటే తిట్టకండి. "వాసన పుండుది, తాతయ్యది కాదు" అని చెప్పండి. గుమ్మం దగ్గర నుంచే మాట్లాడతానంటే మాట్లాడనివ్వండి. కట్టు మార్చే సమయంలో పిల్లల్ని బయటికి పంపడమే మంచిది. ఆ సమయంలో తాతయ్య మూలుగు వినబడితే, ముందు అల్లుకున్న కథ మళ్లీ మొదలవుతుంది.

ఇంట్లో షుగర్ ఉన్న పిల్ల ఉంటే ఆమెతో విడిగా మాట్లాడాలి. ఇన్సులిన్ తీసుకుంటున్న పిల్లకు తాతయ్య కాలు తన రేపటి రూపంలా కనిపిస్తుంది. ఇప్పుడు ఇన్సులిన్, పరీక్షలు, పాదాల జాగ్రత్త ఉన్నాయని, చాలా ఏళ్లు షుగర్ అదుపు తప్పినప్పుడే కాలి దాకా వస్తుందని చెప్పండి. ఆమె డాక్టర్‌తో కూడా ఒకసారి మాట్లాడించండి.

ఆపరేషన్ అయ్యాక తొలి చూపు

చూడటానికి తీసుకెళ్లే ముందు బొమ్మ తీసుకొని దాని కాలికి మోకాలి కింద నుంచి తెల్లగుడ్డ చుట్టండి. సెలైన్ గొట్టం, మూత్రం సంచి ఉంటాయని, అవి నొప్పి పెట్టడానికి కాదని చెప్పండి. ఆ తర్వాత దుప్పటి కప్పి ఉన్న ఫొటో ఒకటి చూపించండి. "దుప్పటి కింద ఒకవైపు చదునుగా ఉంటుంది" అన్న సంగతి ముందే తెలిస్తే అక్కడికెళ్లి బిక్కచచ్చిపోరు. తొలిసారి పది నిమిషాలు చాలు. కట్టు చూస్తావా అని అడగండి, వద్దంటే వదిలేయండి. ముద్దు పెట్టమని, కౌగిలించుకోమని తొయ్యకండి. ఐసీయూల్లోకి పిల్లల్ని సాధారణంగా రానివ్వరు. అప్పుడు వీడియో కాల్ చేయించొచ్చు, కానీ ముందు కెమెరా ఎటు తిరిగి ఉందో మీరు చూసుకోండి.

ఇంటికొచ్చాక పిల్లల్ని బెదరగొట్టేది ఇంకొకటి ఉంది. తాతయ్య "నా పాదం దురద పెడుతోంది" అని లేని పాదం వైపు చెయ్యి చాపుతాడు. దెయ్యమనుకుంటారు. కాలు తీసేసినవాళ్లలో చాలామందికి ఇలా జరుగుతుంది. మెదడులో పాదం పటం ఇంకా చెరిగిపోలేదు, అక్కడి నుంచి కబుర్లు వస్తున్నట్టే దానికి అనిపిస్తుంది. పక్కన అద్దం పెట్టుకొని, మిగిలిన కాలు కదుపుతూ దాని ప్రతిబింబం చూస్తే కొందరికి ఆ బాధ తగ్గుతుంది. ఈ పద్ధతిని 1990ల్లో మెదడు పరిశోధకుడు వి.ఎస్. రామచంద్రన్ ప్రచారంలోకి తెచ్చారు. ఇది పిల్లలకు చెబితే భయం పోయి కుతూహలం పుడుతుంది.

కృత్రిమ కాలు గురించి చెప్పడానికి జైపూర్ కాలు మంచి ఉదాహరణ. 1968 ప్రాంతంలో రామచంద్ర శర్మ అనే పనివాడు, డాక్టర్ పి.కె. సేఠీ కలిసి తయారుచేశారు. రబ్బరు పాదం కాబట్టి చెప్పుల్లేకుండా నడవొచ్చు, కింద కూర్చోవచ్చు. 1981లో ప్రమాదంలో తగిలిన గాయం గ్యాంగ్రీన్‌గా మారి కాలు పోగొట్టుకున్న నర్తకి సుధా చంద్రన్ ఆ కాలుతోనే తిరిగి వేదికెక్కారు. తన కథతో తీసిన తెలుగు సినిమాలో తనే నటించారు. చెప్పండి గానీ, తాతయ్య కూడా పరుగెడతాడని మాత్రం చెప్పకండి. ఆమెది చిన్న వయసు, ఆరోగ్యమైన రక్తనాళాలు. తాతయ్య వరండా దాకా కర్రతో వచ్చినా అది పెద్ద విషయమే.

పిల్లల చేతికిచ్చే పని

కాలు పోయినవాళ్లకు మిగిలిన రెండో పాదం చాలా విలువైనది. పెద్దాయనకు చూపు తగ్గి, నడుము వంగక అరికాలు కనబడదు. ఎనిమిదేళ్లు దాటి, ఇష్టపడే పిల్లలకు రాత్రిపూట ఆ పాదం చూసే పని ఇవ్వొచ్చు. పెద్దవాళ్లు పక్కన ఉండాలి. టార్చ్ వేసి వేళ్ల సందులు, మడమ, పగుళ్లు, గోళ్ల అంచులు చూడాలి. ఎరుపు, నలుపు, బొబ్బ, మేజోడు మీద తడి మరక, కొత్త వాసన కనబడితే ముట్టుకోకుండా పెద్దవాళ్లను పిలవాలి. పెద్దవాళ్లు అదే రోజు డాక్టర్‌కు చూపించాలి. చెప్పుల్లో ముందు చెయ్యి పెట్టి గులకరాయి ఉందేమో చూడటం, దులిపి ఇవ్వడం పిల్లలు ఇష్టంగా చేస్తారు. స్నానం నీళ్ల వేడి మోచేత్తో పెద్దవాళ్లే చూడాలి. ఎండాకాలం గుడి బండలమీద వట్టి కాళ్లతో నడిస్తే, స్పర్శ లేని పాదం కాలినా తెలియదు. మందపాటి మేజోళ్లు వేయించి, తెల్లవారుజామునే తీసుకెళ్లండి. పిల్ల ఒకరోజు చూడటం మరిచిపోయి మర్నాడు పుండు కనబడితే, "ఇది నీ తప్పు కాదు, చూసే బాధ్యత మాది, నువ్వు సాయం చేస్తున్నావు" అని ఆ రోజే చెప్పాలి.

పిల్లల ఒంటికి కూడా ఈ జ్ఞానం పనికొస్తుంది. తాతయ్యకు వచ్చిన రకం పిల్లలకు రావడం చాలా అరుదని ముందు చెప్పి, తర్వాత రెండు సంగతులు నేర్పండి. చెయ్యి విరిగి కట్టు కట్టించుకున్నాక వేళ్లు చల్లబడినా, పాలిపోయినా, తిమ్మిరెక్కినా, కదలకపోయినా, మందు వేసినా నొప్పి పెరిగిపోతున్నా అర్ధరాత్రయినా లేపి చెప్పాలి. కట్టు మరీ బిగిస్తే గంటల్లోనే కండ చచ్చిపోతుంది. మాటిమాటికీ ఏడుస్తున్నాడని కసరడం కాదు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. కాళ్లు ముడుచుకుని కూర్చుంటే పట్టే తిమ్మిరి వేరని, అది కొద్ది నిమిషాల్లో పోతుందని కూడా అప్పుడే చెప్పండి, లేకపోతే ప్రతి తిమ్మిరికీ హడలిపోతారు. రెండోది పాము కాటు. కాటు పైన తాడు బిగించి కట్టకూడదు, కోయకూడదు, నోటితో పీల్చకూడదు. అసలే రక్తపింజర విషం కాటు చుట్టూ కండను పాడుచేస్తుంది, తాడు కూడా బిగిస్తే రక్తం ఆగిపోయి కాలే పోవచ్చు. కాలు కదపకుండా పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలి. ఆ నంబరు పిల్లల చేత నాలుగుసార్లు చెప్పించండి, ఫోన్ లాక్ తీయకుండా ఎమర్జెన్సీ కాల్ ఎలా చేయాలో మీ ఫోన్లోనే చూపించండి.